మందుల అలమరలో నవల

"పద్నాలుగేళ్ల పిల్ల చదవాల్సిన పుస్తకమా అది? నువ్వే చెప్పు," అన్నారు మా ఆయన. ఆ మాట అనడం అప్పటికి నాలుగో రోజు.

"చెప్పానుగా. స్కూల్ లైబ్రరీలో కూడా ఆ పుస్తకం పదో తరగతి లోపు వాళ్లకి ఇవ్వను. ఏ వరుసలో పెట్టాలో చదివి చూద్దామని ఇంటికి తెచ్చాను. సోఫాలో మర్చిపోయాను. తప్పు నాదే. కానీ సగం చదివిన పిల్ల చేతిలోంచి లాక్కోవడం ఏం బాగుంటుంది?"

"పడని మాత్ర సగం మింగితే కక్కించమా?"

ఆయనకు మందుల షాపు ఉంది. ఇంట్లో ఏ వాదన మొదలైనా తిరిగి తిరిగి మాత్రల దగ్గరికే చేరుతుంది. పిట్ట తలెత్తకుండా అన్నం కెలుకుతోంది. అది మా అమ్మాయి. చిన్నప్పుడు తిండి దగ్గర పెట్టిన తిప్పలకు వచ్చిన పేరు, తొమ్మిదో తరగతికి వచ్చినా వదల్లేదు.

"మాత్ర ఇచ్చేముందు లోపలి కాగితం చదువుతారుగా నాన్నా. మీరు మొదటి పేజీ కూడా చూడలేదు," అంది.

"వెనక అట్ట చదివాను. చాలు."

వెనక అట్ట మీద నాలుగు వాక్యాలున్నాయి. పదహారేళ్ల కుర్రాడు ఒక సాయంత్రం తన ప్రాణం తనే తీసుకుంటాడు. ఎందుకలా చేశాడో తెలుసుకోవాలని చెల్లెలు అతని గదిలో వస్తువులన్నీ ఒక్కొక్కటీ తీసి చూస్తుంది. అదీ కథ. అది చదివిన సాయంత్రమే ఆయన ఆ నవలను మందుల అలమరలో పెట్టి తాళం వేశారు. ఊరికే పెట్టలేదు. షాపులో సీసాల మీద అంటించే చీటీ ఒకటి అట్ట మీద అతికించి మరీ పెట్టారు. 'పిల్లలకు అందకుండా ఉంచవలెను' అని.

"ఏంట్రా ఈ గొడవ, మెతుకు దిగనివ్వకుండా," అంది మా అత్తగారు. "దాని వయసులో నేను వారపత్రికల్లో సీరియళ్లు చదివేదాన్ని. వారానికో హత్య. నేనెవర్నైనా చంపానా? మీ నాన్నతో నలభై ఏళ్లు కాపురం చేసి కూడా?"

పిట్టకు నవ్వొచ్చి పొలమారింది. నేను నీళ్ల గ్లాసు అందించాను. ఆయన మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, బీపీ మాత్ర వేసుకోవడానికి అలమర దగ్గరికి వెళ్లారు.

చాలాసేపు వెనక్కి రాలేదు. వచ్చినప్పుడు చేతిలో మాత్రకు బదులు పుస్తకం ఉంది.

"నేను తాళం వేసిన రోజు ఈ గుర్తు ఎనభై రెండో పేజీలో ఉంది," అన్నారు. గుర్తంటే ఖాళీ మాత్రల అట్ట. మందుల మీద తేదీలు నోటికి చెప్పే మనిషికి పేజీ నంబరు మర్చిపోవడం తెలియదు. "ఇప్పుడు నూట నలభై ఒకటిలో ఉంది. పిట్టా, ఇటు చూడు."

"దాన్నేం చూడమంటావు? నన్ను చూడు," అంది అత్తగారు. "తాళంచెవి నీ చేత్తో నువ్వే ఇచ్చావు నాకు."

నిజమే. అత్తగారికి కంటి ఆపరేషన్ జరిగి పదిరోజులైంది. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వెయ్యాలి. పగలు ఆయన షాపులో ఉంటారు, నేను ఐదింటి దాకా స్కూల్లో ఉంటాను. మందు అలమరలో ఉంటుంది. అందుకని రెండో తాళంచెవి ఆవిడకే ఇచ్చారు. డాక్టరు చీటీ లేనిదే నిద్రమాత్ర కూడా ఇవ్వని మనిషి, పుస్తకం దాచేటప్పుడు ఆ సంగతే మర్చిపోయారు.

"నాలుగింటికి పిట్ట స్కూలు నుంచి వచ్చి చుక్క వేస్తుంది. వేశాక కాసేపు కళ్లు మూసుకోవాలన్నావు. మూసుకున్నాను. అది పుస్తకం పైకి చదువుతుంటే చెవులు కూడా మూసుకోమన్నావా?"

"అమ్మా! అందులో ఏముందో తెలిసి కూడా..."

ఆయన మాట మధ్యలో ఎందుకు ఆపారో నాకు తెలుసు. ఆయనకు ఒక అన్న ఉండేవాడు. పదహారో ఏట పోయాడు. పెళ్లప్పుడు నాకు విషజ్వరమని చెప్పారు. అసలు సంగతి ఆయన నాతో చెప్పడానికి ఆరేళ్లు పట్టింది. ఆ రోజు అన్న దిండు కింద ఒక నవల దొరికిందట. వారం తిరక్కుండా మామగారు ఇంట్లో పుస్తకమన్నది లేకుండా చేశారట. నాలుగు రోజులుగా ఈయన నాతో వాదిస్తున్నది పుస్తకం గురించి కాదని నాకు తెలుసు. తెలిసీ పుస్తకం గురించే జవాబిస్తున్నాను.

"తెలిసే విన్నాను," అంది అత్తగారు. "ఆ దిండు కింద పుస్తకాన్ని మీ నాన్న పొయ్యిలో పెట్టాడు. అందులో ఏముందో మనలో ఒక్కరమూ చదవలేదు. ముప్పై ఏళ్లుగా దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. అది పెద్దాణ్ణి లాక్కుపోయిందో, అన్నాళ్లు పట్టుకుని ఆపిందో నాకేం తెలుసురా?"

పిట్ట అందుకుంది.

"నానమ్మ నాకు పెదనాన్న గురించి చెప్పింది నాన్నా. చెప్పి, నీకెప్పుడైనా అలా అనిపించిందా అని అడిగింది."

ఆయన కుర్చీ వెనక్కి లాగి కూర్చున్నారు. "నువ్వేమన్నావు?"

"లేదన్నాను." పిట్ట కంచం అంచు మీద వేలు రాస్తోంది. "చచ్చిపోవాలని అనిపించలేదు. కానీ పోయినేడు స్కూలు మారినప్పుడు నెలరోజులు నాతో ఎవ్వరూ మాట్లాడలేదు. బస్సు దిగకుండా అలాగే ఎటైనా వెళ్లిపోవాలనిపించేది. అది కూడా చెప్పాను."

"మాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను నేను.

"మీరు మార్కులెన్నని అడిగారు."

నిష్ఠూరంగా అనలేదది. టైమెంతైందంటే చెప్పినట్టు చెప్పింది. ఆ నెలరోజులూ నేను అదే స్కూల్లో, దాని క్లాసుకు రెండు గదుల అవతల, పుస్తకాలకు నంబర్లు వేస్తూ కూర్చున్నాను. ఏ పిల్లకు ఏ పుస్తకం ఇవ్వకూడదో చెప్పమంటే ఈ ఊళ్లో నాకంటే బాగా చెప్పేవాళ్లు లేరనుకునేదాన్ని.

అలాగని రేపే ఆ నవల తీసుకెళ్లి చిన్న తరగతుల వాళ్లకు అందే కింది వరుసలో పెట్టే ధైర్యం నాకు లేదు. లైబ్రరీకి వచ్చే ప్రతి పిల్లకూ ఇంట్లో కళ్లు మూసుకుని వినే మనిషి ఉంటుందా? ఒక్కతే తలుపేసుకుని చదివే పిల్ల సంగతేమిటి? ఏమో.

ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. మొదటి పేజీ తెరిచారు. నిలబడి కంచాలు తీస్తున్న నాకు ఆయన పెదాలు కదలడం కనిపించింది. ఒక పేజీ అయింది. రెండో పేజీ తిప్పారు. మూడో పేజీలో ఆగి, కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. అత్తగారు చెయ్యి చాచి ఆయన మోచెయ్యి మీద వేసింది. పిట్ట లేవబోయి మళ్లీ కూర్చుంది.

"రేపట్నుంచి నాలుగింటికి షాపు గంటసేపు మూసేస్తాను," అన్నారాయన, మా ముగ్గురిలో ఎవరి వైపూ చూడకుండా. "నేనూ వచ్చి కూర్చుంటాను. పిట్ట చదువుతుంది. వినలేని చోట నేను లేచి బయటికి వెళ్తాను. నాకోసం ఆపకండి, పిలవకండి. నేనే మళ్లీ వస్తాను."