కాలవలు కట్టేసిన వారం

ముప్పై ఎనిమిది అని చూపిస్తోంది, ఇందాక చూసినప్పుడూ ముప్పై ఎనిమిదే, ఈ మెషిన్ నిమిషానికీ మన నిమిషానికీ ఏ సంబంధమూ లేదు, గుండ్రటి అద్దం వెనక గుడ్డ ఇటు నాలుగు చుట్లు తిరిగి, ఆగి, ఆలోచించుకుని, అటు నాలుగు చుట్లు తిరుగుతోంది, నీళ్ళు మాత్రం టీ రంగులో ఉన్నాయి, కాదులే, పెరటి రేకుల నీడ అలా పడుతోందేమో, కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుని మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ చూశాను, టీయే, పాలు పోయని టీ, బ్లీచింగు పోశాను కదా తెల్లగా రావాలి కదా, అరవై డిగ్రీల వేడి కూడా పెట్టాను, తెలుపు ఇంకా తెల్లబడాలని, మరి ఈ రంగెక్కడిది అనుకుంటూనే ఉన్నాను, నిజానికి నాకు తెలుసు, ఏటా వేసవిలో మరమ్మతులకని కట్టేసినట్టే కాలవలు కట్టేసి పదకొండు రోజులైంది, పంచాయతీ కుళాయి రోజు విడిచి రోజు అరగంట వస్తోంది, పైన ట్యాంకులో ఉన్నవన్నీ బోరు నీళ్ళు, బాత్రూం గచ్చు మీద తుప్పు చార పెట్టే బోరు నీళ్ళు, పదో తరగతి పిల్లలకి పన్నెండేళ్ళుగా నేనే చెబుతున్నాను, నీళ్ళలో కరిగిన ఇనుము కంటికి కనపడదర్రా, దానికి బ్లీచింగు తగిలిందా, తుప్పై బయటపడుతుంది, రాసుకోండి, రెండు మార్కుల ప్రశ్న, చెప్పేవాడికి వినేవాడు లోకువని పిల్లల ముందు ఎంత గొంతు నాది, వినీల టీచర్ గారి సైన్సు క్లాసంటే సూది పడితే వినపడుతుందట.

దుప్పటైతే పోనీ అనుకుందును, ఇది గుడి బల్ల గుడ్డ, రేపు ఈస్టరు, తెల్లారకుండా సమాధుల తోటలో ఆరాధన, ఎనిమిదింటికి గుడిలో ప్రభు భోజన సంస్కారం, రొట్టె పళ్ళెం, ద్రాక్షరసం గిన్నె పెట్టే బల్ల మీద పరిచేది ఇదే, చుట్టూ జానెడు వెడల్పు లేసు, మా అత్తయ్య అల్లినది, సంపూర్ణమ్మ గారి లేసంటే నరసాపురం నుంచి ఏజెంట్లు గుమ్మంలోకి వచ్చి పట్టుకెళ్ళేవారట, అవన్నీ ఏ దేశంలో ఎవరి టీపాయిల మీద ఉన్నాయో, ఆవిడ చేతిపని ఇక్కడ మిగిలింది ఇదొక్కటే, మావయ్యగారు పోయిన సంవత్సరమంతా కూర్చుని అల్లారట, ద్రాక్షగుత్తి, గోధుమ కంకి, మళ్ళీ ద్రాక్షగుత్తి, మళ్ళీ గోధుమ కంకి, ఇప్పుడా వేళ్ళ కణుపులు వాచిపోయి జాకెట్టు హుక్కు కూడా పట్టవు, ఇంకొకటి అల్లలేరు, ఇది పోతే ఇక లేదు, మూడు గంటలకల్లా ఆవిడ ఆటోలో దిగుతారు, గుడిలో స్త్రీల సమాజం వాళ్ళతో పూలు కడుతున్నారు, మూడంటే ఇంకో గంట.

ఆపాలి ముందు, ఏదో ఒకటి నొక్కాలి, నొక్కాను, ఆగింది, తలుపు లాగాను, రాలేదు, తాళం బొమ్మ ఒకటి ఎర్రగా వెలుగుతోంది, లోపల నీళ్ళుంటే తెరుచుకోదు, కొనేటప్పుడు అదే గొప్పగా చెప్పారు, భద్రత అండి, పిల్లలున్న ఇంట్లో చాలా మంచిదండి అని, మా ఇంట్లో పిల్లలు ఇంటర్ చదువుతున్నారు, ఆపి ఉంచితే ఆ తుప్పు నీళ్ళలో నానుతూ ఉంటుంది, అది ఇంకా చేటు, నీళ్ళు వదిలేసే మీట ఏదో ఉండాలి, బొమ్మలే తప్ప మాటలు లేవు దీని మీద, ఒక బట్టల తొట్టి బొమ్మ, ఒక చుక్క బొమ్మ, ఒక సుడి బొమ్మ, మెషిన్‌తో వచ్చిన కాగితం ఎక్కడ పెట్టాను, మా ఆయనకి ఫోన్ చేశాను, శాంతికుమార్ గారు రేపటి ఫలహారాలకి అరటిగెలలు తేవడానికి రావులపాలెం వెళ్ళారు, వెనక లారీ హారన్లు, పాటల గోల, ఏమయింది వినీలా గట్టిగా చెప్పు, చెప్పాను, ఓస్ అంతేనా అన్నారు, వచ్చేటప్పుడు తెల్ల గుడ్డొకటి తెచ్చేస్తాను, లేసు కూడా రెడీమేడ్ దొరుకుతుంది, అమ్మకి ఈ మధ్య చూపు ఆనట్లేదు కదా, తెలియదులే, అన్నారు, మీ అమ్మగారు కళ్ళతో చూడరండీ, చేత్తో తడిమి చూస్తారు, అన్నాను, మరైతే మెషిన్ పాడైందని చెప్పు, అన్నారు.

మెషిన్ పాడైంది, బాగానే ఉంది, నోరు లేనిది కదా, ఎంతైనా అనొచ్చు, అసలు దీన్ని ఎంచినప్పుడు నేను పడ్డ పాటు ఎవరూ పడి ఉండరు, తెల్లకాగితం మీద గడులు గీసి, ఎన్ని కిలోలు, ఎన్ని స్టార్లు, ఒక్కో ఉతుక్కి ఎన్ని లీటర్లు, కరెంటు ఎంత, చప్పుడు ఎంత, అన్నీ నింపాను, స్టాఫ్ రూంలో కృపారాణి మేడం ఆ కాగితం ఫోటో తీసుకుంది, సగం లోడు వెయ్యకూడదు, సబ్బు పొడి కొలిచి వెయ్యాలి, బోరు నీళ్ళైతే నెలకోసారి డ్రమ్ము శుభ్రం చేసుకోవాలి అని అందరికీ చెప్పిందీ నేనే, రాజమండ్రి షోరూంకి అత్తయ్యని కూడా తీసుకెళ్ళాను, ఎందుకు తీసుకెళ్ళానంటే, చూపించడానికి, మీకోసం ఎంత మంచిది కొంటున్నానో చూడండి అని, ఆవిడ ఈ గాజు తలుపు మెషిన్ ముందు నిలబడలేదు, వెనక వరసలో మూలనున్న రెండు తొట్ల దాని దగ్గరకి నెమ్మదిగా వెళ్ళి, మూత ఎత్తి లోపలికి వంగి చూశారు, దీంట్లో నీళ్ళు మనమే పోసుకోవాలి కదండీ బాబూ అని సేల్స్‌మన్‌ని అడిగారు, అవునండీ, పాత మోడలండీ, ఇప్పుడెవరూ తీసుకోవట్లేదండీ, అంటే నా వైపు తిరిగి, ఇది చాలు కదమ్మా, ఉతకడం నాకు కష్టం లేదు, పిండడమే చేత కావట్లేదు, ఇది పిండి పెడుతుంది కదా, అన్నారు, నేనూ సేల్స్‌మనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వాం, నవ్వాం, అవును, నేను నవ్వాను, అత్తయ్యా, ఇప్పుడు అన్నీ ఆటోమేటిక్, మీరింక ఏమీ చెయ్యక్కర్లేదు, అన్నాను, ఎంత ప్రేమగా అన్నాననుకున్నాను, ఆవిడ మూత చప్పుడు కాకుండా దింపి, అలాగేనమ్మా, అన్నారు.

ఏమీ చెయ్యక్కర్లేదు, గ్రైండరు కొన్నప్పుడూ అదే మాట, ఇండక్షన్ స్టవ్ కొన్నప్పుడూ అదే మాట, ఆవిడ మట్టి దాక దాని మీద పనికిరాదని అటకెక్కించాను, పులుసు మట్టి దాకలోనే కుదురుతుందమ్మాయ్ అంటే రుచి ఒకటేనండీ అన్నాను, రుచి ఒకటి కాదు, నాకూ తెలుసు, అయినా నేనేమన్నా విలాసాలకి కొన్నానా, బడి నుంచి వచ్చేసరికి నడుం పడిపోయేది, ఆవిడకి డెబ్భై రెండు, పనిమనిషి దొరకదు, కోడలు చేసింది తప్పే కనపడుతుందా, చుక్క బొమ్మ, ఆ చుక్క బొమ్మ మీదే నొక్కి పట్టుకోవాలేమో, పట్టుకున్నాను, కర్‌ర్‌ర్ మంది, గొట్టంలోంచి నీళ్ళు పోతున్నాయి, అమ్మయ్య, గచ్చు మీద పారుతుంటే ఆ రంగు చూడలేక తల తిప్పుకున్నాను.

అసలు ఒక్క మాట చెప్పొచ్చు కదా ఆవిడ, కాలవలు కట్టేస్తే తెల్లబట్టలు ముట్టుకోకూడదమ్మా అని, నలభై ఏళ్ళుగా ఈ గుడ్డ ఉతుకుతున్నారే, ఆ మాత్రం చెబితే నేను విననా, నోరు విప్పరు, లోపల పెట్టుకుంటారు, తప్పు మనమీదకి వచ్చేదాకా చూస్తారు, అన్నాను పైకే, ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి, అన్నాక ఆ మాట నాకే వెగటుగా ఉంది, ఎందుకంటే పెరట్లో నీలం డ్రమ్ము ఉండే చోట గచ్చు గుండ్రంగా తెల్లగా కనపడుతోంది, ఏటా కాలవ కట్టేముందు ఆవిడ పట్టి ఉంచే నీళ్ళ డ్రమ్ము, పటిక తిప్పి, పైన పాత దుప్పటి కట్టి, నేను కాపురానికొచ్చిన మొదటి ఏడు నుంచీ చూస్తున్నాను, ఎందుకో ఎప్పుడూ అడగలేదు, పాతకాలపు అలవాటనుకున్నాను, పోయిన వారం గురువారం టార్చి వేసి చూస్తే లోపల దోమ పిల్లలు ఒకటో రెండో, పారబోసేస్తానత్తయ్యా, డెంగీ రోజులు, బడిలో నేనే చెబుతున్నాను నిలవ నీళ్ళు ఉండకూడదని, అంటే, ఉండనియ్యమ్మా, వడకట్టుకుంటాను, పండగకి కావాలి, అన్నారు, అన్నారు, చెప్పారు, పండగకి కావాలి అన్నారు, ఆ తర్వాత, ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం గుడి నుంచి రాగానే నేను పట్టుచీర కూడా మార్చకుండా డ్రమ్ము వంచేశాను, మందారాలకి పోతాయి లెండి అని పెద్దగా చెప్పి మరీ, ఆవిడ గుమ్మంలో నిలబడి చూశారు, పొద్దున్న గుడికి వెళ్తూ కూడా, బల్ల గుడ్డ అలా ఉండనియ్యి, నేనొచ్చాక ఇద్దరం కూర్చుని ఉతుకుదాం, అన్నారు, అలాగేనండీ అన్నాను, ఆటో మలుపు తిరగ్గానే ఈ తలుపు తీశాను, వచ్చేసరికి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి చేతిలో పెడితే ఎంత సంతోషిస్తారో అని, ఆవిడ చెప్పలేదని ఏ మొహం పెట్టుకుని అంటాను, షోరూంలో అడిగినదీ లెక్కేస్తే మూడుసార్లు చెప్పారు.

టక్‌మని తాళం వదిలింది, తీశాను, వేడిగా ఉంది, గుడ్డ మధ్యలో పలచటి పసుపు, ఇది పరవాలేదు, లేసు మాత్రం దట్టమైన దారం కదా, తాగినంతా తాగింది, ద్రాక్షగుత్తులు బెల్లం పాకంలో ముంచినట్టున్నాయి, ఏడుపొచ్చింది, వచ్చినదాన్ని ఆపుకోలేదు, అప్పుడే గేటు చప్పుడు, ఇంకా రెండున్నరే, పూలు తొందరగా అయిపోయాయమ్మా, కిరణ్ ఆటో దొరికింది, అంటూ లోపలికొచ్చారు, చెప్పులు విడిచి, నా మొహం చూసి, ఏంటమ్మా, ఏమయింది, పిల్లలు బాగానే ఉన్నారా, అన్నారు, మెషిన్ పాడైందండీ అన్న మాట నాలుక మీదే ఉంది, ఎంత తేలిక, నేను గుడ్డ ఆవిడ చేతుల్లో పెట్టి, బోరు నీళ్ళతో ఉతికేశానత్తయ్యా, బ్లీచింగు కూడా పోశాను, మీరు ఉండనియ్యమన్నా వినలేదు, ఇప్పుడేం చెయ్యాలో నాకు తెలియట్లేదు, చెప్పండి, అన్నాను, ఆవిడ ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, కళ్ళు ఎటో పెట్టి వేళ్ళతో లేసు చివర నుంచి చివరదాకా తడుముకుంటూ వచ్చారు, ఒక్కో గుత్తి, ఒక్కో కంకి, పోగు ఎక్కడా తెగలేదులే, అన్నారు, ఏడవకు, నిమ్మ ఉప్పుందా, లేకపోతే కాయలు కొయ్యి, ఎండ దిగకముందే కానియ్యాలి, రుద్దకూడదు, నానబెట్టి ఎండలో పరవాలి, రెండుసార్లు, అంతా పోకపోయినా రేపటికి పనికొస్తుంది, బోరు నీళ్ళు మాత్రం చుక్క తగలకూడదు, అంటే, ఇంకే నీళ్ళున్నాయత్తయ్యా, నేనే పారబోశాను కదా, అన్నాను, ఆవిడ నా వైపు చూడకుండా కుచ్చిళ్ళు ఎగదోపుకుంటూ, నా మంచం కింద బిందెలున్నాయి, లాక్కురా, అన్నారు.

ఆవిడ గదిలోకి వెళ్ళి కింద కూర్చుని వంగి చూశాను, ట్రంకు పెట్టె వెనక, గోడ వారగా, రెండు స్టీలు బిందెలు, మూతులకి పాత పంచె ముక్క బిగించి కట్టి ఉంది, ముందు నుంచి కనపడకుండా చాప చుట్టి అడ్డం పెట్టారు, జాకెట్టు హుక్కు పట్టని వేళ్ళు ఆ ముడి ఎలా బిగించాయో, నిండు బిందె ఎత్తలేరు, డ్రమ్ము పారబోస్తానన్న మర్నాడు, శుక్రవారం, నేను బడికి వెళ్ళాక పెరట్లోంచి చెంబు చెంబుగా తెచ్చి పోసుకుని ఉంటారు, ఎన్ని చెంబులు, ఎన్నిసార్లు ఆ గుమ్మం దాటారో, లాగుతుంటే కాలవ నీళ్ళ వాసన వచ్చింది, బయట నుంచి, దొరికాయా అమ్మా, అని అడుగుతున్నారు, దొరికాయండీ అన్నాను, ఆవిడకి కష్టం లేకుండా చేస్తున్నానని ఒక్కొక్కటే సామాను తెచ్చి నింపిన ఈ ఇంట్లో, ఆ డెబ్భై రెండేళ్ళ మనిషి నాకు భయపడి, నాకు కనపడకుండా, నీళ్ళు దాచుకున్నారు.