రెండు దెబ్బల పిలుపు

ఐసు ఫ్యాక్టరీలోకి నడుము లోతు నీళ్లొచ్చిన వరద తర్వాత అది నాలుగో ఏడు. అక్కడ ముప్పై ఏళ్లు పనిచేసిన మేస్త్రీ ఆ వరదతో పని మానేసి ఇంట్లో ఉన్నాడు. తిమింగలాలూ మంచునదులూ చూపిస్తానని కూతురు అమ్మనీ నాన్ననీ మేనమామనీ పెద్ద ఓడ ఎక్కించింది.

"మంచు చూపించడానికి బావనెందుకే? ముప్పై ఏళ్లు అందులోనే నానాడు" అన్నాడు మేనమామ. మేస్త్రీ నవ్వలేదు, కాదనలేదు. బెల్లం కొట్టిన రాయి.

మేస్త్రీ భార్యకు ఒకటే కోరిక, తిమింగలాన్ని కళ్లారా చూడాలి. అయితే ఓడ ఊగితే ఆవిడకు కడుపులో తిప్పుతుంది. అందుకని తలుపు లోపల కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుని, మొగుణ్ణి బయట రెయిలింగు దగ్గర కాపలా పెట్టింది.

"కనబడగానే ఒక్క కేక వెయ్యండి. ఒక్కటి చాలు."

మూడో రోజు అది లేచింది. ఇంటికప్పంత నల్లటి వీపు, దాని మీద నీటి చిమ్ము. మేస్త్రీ నోరు తెరిచాడు. కేక రాలేదు. ఫ్యాక్టరీలో యంత్రాల హోరుకు ఎవరి కేకా ఎవరికీ వినబడేది కాదు. ఏం చెప్పాలన్నా ఇనుప గొట్టం మీద దెబ్బలే. ఒకటి కొడితే ఆపమని, మూడు కొడితే తప్పుకోమని. రెండు దెబ్బలు మాత్రం అన్నం క్యారియరు పట్టుకుని గేటు దగ్గర నిలబడే భార్యకు: పని తీరింది, రమ్మని.

"ఇదిగో" అనేసరికి నీళ్ల మీద నురగే మిగిలింది.

"చూశారా?" అంది భార్య పరుగున వచ్చి.

"ఊ."

"ఎంతుంది?"

"పెద్దదే."

అంతే, ఆవిడ మాట మానేసింది.

"పాపం, బావ పిలిచాడే అక్కా" అన్నాడు తమ్ముడు, "మనసులో."

మర్నాడు ఓడ కొండల మీంచి సముద్రం దాకా దిగిన మంచునది ముందు ఆగింది. నీళ్లు కదలకపోవడంతో ఆవిడా బయటికొచ్చింది. పైన తెల్లటిది గాలి పట్టిన మంచు, కింద నీలంగా ఉన్నది గట్టి సరుకు అని మేస్త్రీ లెక్క కట్టుకుంటున్నాడు. ఇంతలో లోపలెక్కడో సన్నగా చిటుక్కుమంది. ఆ చప్పుడు ఆయనకు కొత్త కాదు.

"ఎడమ వైపు చూడండి! ఊడుతోంది!" అని అరిచాడు.

అందరూ అటు తిరిగారు. మేడంత ముక్క విరిగి నీళ్లలో పడింది. కూతురు చప్పట్లు కొట్టింది.

"మంచుగడ్డకైతే నోరు లేచింది" అంది భార్య తమ్ముడితో. "నాకైతే లేవలేదు."

మేస్త్రీ ఆవిడకు కమలాపండు ఒలిచి పెట్టాడు. ఆవిడ దాన్ని తమ్ముడి చేతిలో పెట్టింది. తన మౌనం ముప్పై ఏళ్లుగా ఆవిడకు ఎంత బరువో ఆ పూట ఆయనకు తెలిసింది. మర్నాడు మధ్యాహ్నానికి ఓడ తిమింగలాలుండే నీళ్లు దాటిపోతుందట.

తెల్లవారగానే మేస్త్రీ టీ చెంచా జేబులో వేసుకుని రెయిలింగు దగ్గర నిలబడ్డాడు. టీ చల్లారింది. ఇంకో టీ కూడా చల్లారింది. అప్పుడు దూరంగా చిమ్ము లేచింది. చెంచాతో రెయిలింగు మీద టంగు టంగుమని రెండు దెబ్బలు కొట్టాడు.

భార్య లోపలినుంచి చెప్పులైనా తొడుక్కోకుండా వచ్చింది. ఆవిడ రావడమూ, తోక నిలువునా లేచి నీళ్లలోకి దిగడమూ ఒకేసారి అయ్యాయి.

"అమ్మో!" అని ఆయన చెయ్యి పట్టుకుంది. కాసేపటికి, "ఇంకోసారి కొట్టండి, మళ్లీ లేస్తుందేమో" అంది.

"అది దానికి కాదు, నీకు" అన్నాడు మేస్త్రీ.

అయినా కొట్టాడు.