తిరునాళ్ళలో తప్పిపోయిన కోటయ్య

నాదెండ్ల ఊరి బసవమ్మకి పెళ్ళై నలభై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో మొగుడి పేరు ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు. పేరు పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని పుట్టింటి నుంచి బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ చెప్పి పంపింది. అది నమ్మకమో, అలవాటో బసవమ్మ ఎప్పుడూ ఆలోచించలేదు. పిల్లలు పుట్టకముందు 'ఇదిగో' అనేది, పుట్టాక 'మా పెద్దాడి నాయన' అనడం మొదలుపెట్టింది. దానితోనే సంసారం సాఫీగా సాగిపోయింది.

ఆయన పేరు కోటయ్య, కోటప్పకొండ మీద శివుడి పేరే. అందువల్ల ఆమెకి ఒక చిక్కు ఉండేది. కోటప్పకొండ పేరు కూడా ఆమె పలకలేదు. 'ఆ కొండ' అనేది. శివరాత్రికి కొండెక్కేటప్పుడు జనమంతా గొంతెత్తి "చేదుకో కోటయ్యా" అని అరుస్తుంటే, ఆమె మాత్రం "చేదుకో సామీ" అని గొణిగేది.

ఈ ఏడు శివరాత్రికి దర్శనం చేసుకుని మొగుడూ పెళ్ళాలిద్దరూ కొండ దిగారు. కింద ఇసకేస్తే రాలని జనం. జేబుదొంగలుంటారని కోటయ్య తన ఫోను తీసి బసవమ్మ సంచిలో పడేశాడు. రంగుల రాట్నం దగ్గర బండి మీద తాటిచెట్టంత ఎత్తున అలంకరించి కట్టిన ప్రభ ఒకటి ఎదురొచ్చింది. జనం రెండుగా చీలారు. ప్రభ వెళ్ళిపోయాక చూస్తే బసవమ్మ పక్కన ఎవరో చెరుకు గడల ఆయన నిలబడి ఉన్నాడు. కోటయ్య లేడు.

ఆమె కాసేపు అటూ ఇటూ తిరిగి, తప్పిపోయినవాళ్ళ కోసం వేసిన పందిట్లోకి వెళ్ళింది. అక్కడ మైకు ముందు నరసరావుపేట జాన్ సాహెబ్ కూర్చుని ఉన్నాడు. మైకుసెట్టు ఆయనదే, గొంతూ ఆయనదే. పక్క కుర్చీలో ప్రేమమ్మ అనే హెడ్ కానిస్టేబుల్ చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుని ఉంది.

"అయ్యా, మా పెద్దాడి నాయన తప్పిపోయాడు," అంది బసవమ్మ.

"భయపడబాక పెద్దమ్మా, ఇప్పుడే పిలుస్తా. పేరేంది?" అన్నాడు జాన్ సాహెబ్, మైకు దగ్గరికి లాక్కుంటూ.

బసవమ్మ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పేరు పెద్దమ్మా, పేరు."

"నేను చెప్పకూడదు నాయనా."

ప్రేమమ్మ కాళ్ళు దించింది. "అదేందమ్మా? మొగుడి పేరు చెబితే కేసు పెడతారా?"

"ఆయుష్షు తగ్గుద్దమ్మా."

"మా ఆయన పేరు ప్రభు. పొద్దున లేచిన కాడ్నించీ ప్రభూ ప్రభూ అంటానే ఉంటా. ఆయన్ని పిలిచినట్టూ ఉంటది, ప్రార్థన చేసినట్టూ ఉంటది. రాయిలాగా ఉన్నాడు. ఆధార్ కార్డు ఉందా?"

"ఆయన జేబులోనే ఉంది. నాదీ ఆయన కాడే ఉంది."

"ఫోను?"

బసవమ్మ చెప్పబోయేలోపే సంచిలో ఫోను మోగింది. కోటయ్య ఫోనే. ఎవరో లోను కావాలా అని అడిగి పెట్టేశారు. ఆ ఫోన్లో ఆయన పేరు ఆయనే రాసుకోలేదు, పెద్దాడికి చేస్తే ఎత్తలేదు, బసవమ్మ ఫోన్లో చూద్దామన్నా ఫలితం లేకపోయింది. ఆమె ఫోన్లో మనవడు ఆయన నంబరుకి 'తాతయ్య' అని పెట్టాడు.

జాన్ సాహెబ్‌కి విసుగు రాలేదు. పైగా ఆయనకిది కొత్తేం కాదు. "మా గౌసియా కూడా అంతే ప్రేమమ్మగారూ. పెళ్ళైన కాడ్నించీ నన్ను 'సల్మాన్ వాళ్ళ అబ్బా' అనే పిలుస్తది. సల్మాన్ పుట్టకముందు ఏమని పిలిచేదో నాకే గుర్తులేదు. పెద్దమ్మా, నువ్వు చెప్పొద్దు. నేను ఒక్కో పేరూ అంటా, నువ్వు తలాడించు."

బసవమ్మ కొండ వైపు చెయ్యి చూపించింది. "ఆ పైన ఉన్నాయన పేరే."

"శివయ్యా?"

"కాదు."

"ఈశ్వర్రావా?"

"కొంచెం దగ్గరికొచ్చావు."

"శంకరయ్యా?"

"మళ్ళీ దూరం పోయావు నాయనా."

"కొండయ్యా?"

"సగం."

ఇంతలో పందిరి పక్కనుంచి ఒక గుంపు "చేదుకో కోటయ్యా" అంటూ పోతోంది. బసవమ్మ లేచి నిలబడింది. "అదిగో! అదే! వాళ్ళంతా పిలుస్తున్నారు చూడు!"

జాన్ సాహెబ్ చెవి పెట్టి విన్నాడు. "చేదుకో... చేదుకో అని కూడా పేరు పెడతారా పెద్దమ్మా?"

ప్రేమమ్మ నుదురు కొట్టుకుంది. "కోటయ్యనా?"

బసవమ్మ తల వంచుకుంది. ఆ వయసులో కూడా ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. ఊరి పేరు మాత్రం అడగ్గానే చెప్పింది.

"నాదెండ్ల కోటయ్యగారూ, ఎక్కడున్నా మైకు దగ్గరికి రావాలి, మీ ఇంటామె ఎదురు చూస్తున్నారు," అని జాన్ సాహెబ్ గొంతు తిరునాళ్ళంతా మోగింది. ఊరి పేరు సగం మందికి వినపడలేదు. కోటయ్యలు రావడం మొదలుపెట్టారు. జీన్సు ప్యాంటు కోటయ్య వచ్చాడు. బిడ్డని భుజాన ఎక్కించుకున్న కోటయ్య వచ్చాడు. ఎడ్లపాడు నుంచి వచ్చిన కోటేశ్వరరావు ఒకాయన బసవమ్మని చూసి డీలాపడ్డాడు. "అయితే మా ఇంట్లో నన్ను ఇంకా వెతకట్లేదన్నమాట," అని కుర్చీలో కూలబడి మంచినీళ్ళడిగాడు. పందిరి కోటయ్యలతో నిండిపోయింది. బసవమ్మ కోటయ్య మాత్రం రాలేదు.

"ఇట్టా అయితే లాభం లేదు. ఆనవాళ్ళు చెప్పమ్మా," అంది ప్రేమమ్మ.

ఆనవాళ్ళు చెప్పకూడదని బసవమ్మకి వాళ్ళమ్మ ఏమీ చెప్పలేదు. అందుకని గడగడా చెప్పేసింది. జాన్ సాహెబ్ పొల్లుపోకుండా మైకులో అప్పజెప్పాడు.

"పొట్టిగా ఉంటారు. బట్టతల. ముందు పై పన్ను లేదు. పొట్ట ఉంది. నిద్రలో గురక..." ప్రేమమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది.

అప్పుడు కోటయ్య చెరుకురసం బండి దగ్గర ఉన్నాడు. మొదటిసారి పిలిచినప్పుడే విన్నాడు, గ్లాసు ఖాళీ చేసి వెళదామనుకున్నాడు. ఇంతలో ఆనవాళ్ళు వినపడ్డాయి. బండి చుట్టూ ఉన్నవాళ్ళు ముందు ఆయన తల వైపు, తర్వాత పొట్ట వైపు చూశారు. చివరికి ఆయన నోరెప్పుడు తెరుస్తాడా అని ఎదురు చూశారు. కోటయ్య పెదాలు బిగించి, తువ్వాలు తలకి చుట్టుకుని, రసం అక్కడే వదిలేసి, మైకు ఉన్న వైపు కాకుండా రెండో వైపు నడిచాడు. ఆ చివర ఇంకో మైకు పందిరి కనబడింది. అక్కడి కుర్రాడు పేరు అడిగేలోపే మైకు లాక్కున్నాడు.

"ఏమేవ్!"

తిరునాళ్ళలో ఉన్న ఆడవాళ్ళలో సగం మంది వెనక్కి తిరిగారు.

"ఏమేవ్! నీకు బుద్ధుందా? నా బట్టతల సంగతి ఊరందరికీ చెప్పాలా?"

ఇవతలి పందిట్లో బసవమ్మ ముఖం వెలిగిపోయింది. "మా ఆయనే! ఆయన గొంతే!" జాన్ సాహెబ్ మారు మాట్లాడకుండా మైకు ఆమె ముందుకు జరిపాడు.

"యాడున్నావయ్యా?"

"మైకు కాడ."

"నేనూ మైకు కాడే ఉన్నా. నువ్వు కనపడవేంది?"

"ఇది వేరే మైకే, పిచ్చిమొహమా!"

"బీపీ మాత్ర ఏసుకున్నావా?"

మైకు కాసేపు గురగురలాడింది. "మాత్ర నీ సంచిలోనే ఉంది."

"ఆకలేస్తుందా?"

"పదిమందిలో ఇవన్నీ అడగబాకే. నేను వస్తున్నా, ఆడే ఉండు."

"నీకు మోకాళ్ళు నొప్పి గదా, నేనే వస్తా. నువ్వే ఆడ ఉండు."

తిరునాళ్ళ మొత్తం నవ్వుతోంది. బజ్జీల బండి ఆయన నూనెలో బజ్జీలు మాడుతున్నా వింటున్నాడు. మాట పూర్తయిందో లేదో చూసుకోకుండా ఇద్దరూ మైకులు వదిలేసి ఎదురెదురుగా బయల్దేరారు. ప్రేమమ్మ చెప్పులు వేసుకునేలోపే బసవమ్మ జనంలో కలిసిపోయింది.

రంగుల రాట్నం దాటాక ఆమెకి తువ్వాలు చుట్టిన తల కనపడింది. ఆయనకి ఆమె కనపడలేదు. పక్కకి తిరిగి వేరే దారి పట్టబోతున్నాడు. డప్పులు, బూరలు, వెనకనుంచి ఇంకో ప్రభ. "ఏమయ్యో!" అని అరిచింది. పదిమంది మగాళ్ళు చూశారు, ఆయన చూడలేదు. "పెద్దాడి నాయనా!" అని అరిచింది. వినపడలేదు. ప్రభ దగ్గరికి వచ్చేస్తోంది. మళ్ళీ జనం చీలిపోతే ఈ పూటకి దొరకడు. బసవమ్మ సంచి గుండెలకి అదుముకుంది. కళ్ళు మూసుకుంది.

"కోటయ్యా!"

చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా అందుకున్నారు. "చేదుకో కోటయ్యా!"

"కోటయ్యా!" అని ఇంకా గట్టిగా అరిచిందామె, ఏడుపు గొంతుతో.

"ఆదుకో కోటయ్యా!" అన్నారు జనం, ఎవరో పెద్ద భక్తురాలని దారి వదులుతూ.

ఆ దారిలో పడి ఆమె పరిగెత్తింది. తీరా దగ్గరికి వెళ్ళి చూస్తే కోటయ్య కూడా ప్రభ వైపు తిరిగి, చేతులు జోడించి, జనంతో పాటు "ఆదుకో కోటయ్యా" అంటున్నాడు. బసవమ్మ సంచితో ఆయన వీపు మీద ఒక్కటి వేసింది.

"పిలుస్తుంటే వినపడదా?"

"నువ్వెక్కడ పిలిచావే? నాకు ఏమీ వినపడలా."

"పేరు పెట్టే పిలిచా."

కోటయ్య నవ్వబోయి ఆగాడు. "ఎవరి పేరు?"

"నీ పేరే."

ఆయన ముఖంలో రంగు మారింది. ఇన్నేళ్ళూ ఇదంతా ఆడాళ్ళ పిచ్చి అని అనేవాడు. ఇప్పుడు మాత్రం చెయ్యి తనంతట తనే గుండె మీదికి వెళ్ళింది. "ఎన్నిసార్లు?" అనడిగాడు.

"రెండు సార్లో మూడు సార్లో. లెక్కెవరు పెట్టుకున్నారు?"

"ఒక్కసారి సరిపోయేది గదే!"

"నువ్వు తిరిగితేగా!"

ఇద్దరూ కొండ కింద ఉన్న చిన్న గుడి వైపు నడిచారు. పెద్ద గుడి అంత రద్దీ అక్కడ లేదు. పూజారికి కొబ్బరికాయ ఇచ్చి, ఆయుష్షుకి అర్చన చెయ్యమన్నాడు కోటయ్య. పూజారి గోత్రం అడిగాడు, పేరు అడిగాడు. కోటయ్య చెప్పాడు.

"భార్య పేరు?"

కోటయ్య నీళ్ళు నమిలాడు. "మా ఇంట్లోవాళ్ళు."

"ఇంట్లోవాళ్ళే బాబూ. పేరు చెప్పండి, వెనక జనం ఉన్నారు."

కోటయ్య బసవమ్మ వైపు చూశాడు. ఆమె గుడి గంట వైపు చూస్తోంది. ఆయన గొంతు సవరించుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నేల చూపులు చూస్తూ, "బసవమ్మ," అన్నాడు.

ఆ గొంతులో తన పేరు ఎట్లా ఉంటుందో బసవమ్మకి అంతవరకూ తెలియదు. పూజారి మంత్రంలో ఏమేం చదివాడో ఆమె వినలేదు. ప్రసాదం చేతిలో పెట్టినప్పుడు కూడా కళ్ళకద్దుకోవడం మర్చిపోయి అట్లాగే నిలబడింది.

బయటికి వచ్చాక కోటయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నలుగురూ చూస్తున్నారయ్యా," అంది.

"తప్పిపోతావు," అన్నాడు. నరసరావుపేట బస్సు ఎక్కేదాకా వదల్లేదు.