అచ్చొచ్చిన సిస్టం

నరసరావుపేటలో ఆ ప్రైవేటు స్కూలు పేరు చెప్పను, చెబితే నా నోరు పాడైపోద్ది. లెక్కల టీచరు ఉద్యోగానికి పది నిమిషాల పాఠం వీడియో తీసి పంపమన్నారు. మా ఊరు రొంపిచెర్ల పిల్ల వందన నా నెట్ సెంటర్లోనే బోర్డు పెట్టుకుని భిన్నాలు చెప్పింది. తీసింది నేనే, నా కొత్త ఫోన్లో, కొత్త ఫార్మాట్‌లో. బొమ్మ అద్దంలా వస్తదని నా పోజు. తగలెయ్య నా పోజు!

మర్నాడే స్కూలు నుంచి ఫోను. "మాట వినపడుతోంది, బొమ్మ నల్లగా ఉంది. సాయంత్రం అయిదుకి లిస్టు క్లోజ్."

వందన వాళ్ళ నాన్న అంతోని, క్వారీలో కాలు విరిగి మంచాన ఉన్నాడు. ఈ ఉద్యోగం రాకపోతే ఆ పిల్ల మిరపకాయ కోతకి పోవాల్సిందే. వీడియోని పాత ఫార్మాట్‌లోకి మార్చి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, బండి మీద ఇద్దరం నాలుగింటికల్లా స్కూల్లో దిగాం.

ఆఫీసులో కంప్యూటర్ ముందు దుర్గాప్రసాద్ అనే మహానుభావుడు కూర్చున్నాడు. అందులో బ్రౌజరు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలా. పదేళ్ళ కిందటిది, నా కొత్త ఫార్మాట్ బొమ్మ దానికేం తెలుస్తది?

"వేరే బ్రౌజరు వేసుకోండి సార్, రెండు నిమిషాల పని," అన్నా.

"ఇది కొన్న ఏడాదే మాకు స్టేట్ ర్యాంకొచ్చింది. అచ్చొచ్చిన సిస్టం. ఏదీ మార్చొద్దని కరెస్పాండెంట్ గారి ఆర్డరు."

తెలివి తెల్లారినట్టే ఉంది! ర్యాంకు పిల్లకొచ్చిందా, ఆ డబ్బాకొచ్చిందా?

పెన్‌డ్రైవ్ ఇస్తే వైరస్ అన్నాడు. మళ్ళీ అప్‌లోడ్ చేస్తానంటే ఒక్కరికి ఒక్కసారే అన్నాడు. నా ఫోన్లో చూడమంటే చెల్లదన్నాడు.

వందన లేచింది. గోడకున్న బోర్డు మీద రొట్టె బొమ్మ గీసి, అదే పాఠం మొదలుపెట్టింది. పిల్లల కోసమొచ్చిన తల్లులు, అటెండరు లింగయ్య చుట్టూ చేరారు. "నాకే అర్థమైందే, పిల్లలకి అర్థం కాదా!" అంది వాళ్ళలో ఒకామె. దుర్గాప్రసాద్ మాత్రం ఆ నల్ల తెరనే చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారన్నా తలెత్తలా.

పాఠం అయ్యాక ఒక కాయితం ప్రింటు తీసి ఆమె ముందుకు తోశాడు. "వీడియోలో అభ్యర్థి కనిపించలేదు, అని రాశాం. కింద సంతకం పెట్టండి."

"ఎదురుగా నిలబడ్డది మనిషి కాదంట్రా?" అని అరిచా.

వందన సంతకం పెట్టింది. గేటు బయట నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు కనపడలేదని నువ్వే సంతకం పెడతావా? ఏందమ్మా ఇది?"

"పెట్టకపోతే వచ్చే ఏడు అప్లై చేయనివ్వరని ఆ కాయితంలోనే ఉంది, గోపీ అన్నా."