పుష్కరన్ దాచిన అక్షరాలు

మలయాళీల సంవత్సరాది విషు పండుగ ఇరవై రోజులుందనగా, ఒక సోమవారం పొద్దున తంకమణి దుకాణం కనిపించకుండా పోయింది. ఆరన్ముళ బజారులో అది ఉన్నచోటే ఉంది. పోయింది సెర్చ్‌లో. టీ తాగుతూ ఫోన్‌లో 'లోహపు అద్దం' అని కొట్టి తమ దుకాణం పేరు చూసుకోవడం ఆమె భర్త దామోదరన్ ఆచారి అలవాటు. కిందటి కర్కాటక మాసంలో ఆయన పోయాక అది ఆమె అలవాటైంది. ఎప్పుడూ మూడో వరసలో ఉండేది. తొమ్మిది రోజుల కిందట రెండో వరసకు ఎక్కింది. ఆ రోజు పదో పేజీ దాకా వెతికినా లేదు.

విషు తెల్లవారుజామున కళ్లు తెరవగానే చూసే కణి అనే మంగళద్రవ్యాల పళ్లెంలో అద్దం ఉండాలి గనుక, ఆ నెల బేరమే వాళ్లకు ఏడాదంతా ఆధారం. మెరుగుపెట్టిన అద్దాలు ఇరవై రెండు బీరువాలో ఎదురుచూస్తున్నాయి.

ఫోన్ మాత్రం వారం నుంచీ మోగుతూనే ఉంది. కొల్లం నుంచి ఒకాయన స్నానాలగదికి నిలువుటద్దం కావాలన్నాడు. ఒక బస్సు యజమాని, కుడివైపు అద్దం పగిలింది, ఇవాళే బిగిస్తారా అని అడిగాడు. మా అద్దం అరచెయ్యంత ఉంటుందని తంకమణి ఓపిగ్గా చెప్పింది. డ్రైవరు సర్దుకుంటాడులెండి అన్నాడాయన.

ఆమె మరిది బాహులేయన్‌ను పిలిచి అడిగింది. అద్దాలు పోతపోసేది అతనే. రెండు వారాల కిందట వెబ్‌సైటు మార్చిందీ అతనే.

ఎదురు దుకాణం పుష్కరన్ ఏళ్ల తరబడి మొదటి వరసలో ఉండడం బాహులేయన్‌కు కంట్లో నలుసు. దామోదరన్ రాసిన పేజీలో ఉన్నవి పదకొండే వాక్యాలు. వాటికే ఆయనకు నెల పట్టింది. ఇవి చాలవని, పుష్కరన్ పద్ధతి మనమూ పట్టాలని బాహులేయన్ అన్నప్పుడు తంకమణి అవుననలేదు, కాదనలేదు. పొయ్యి మీద అన్నం దించడానికి లోపలికి వెళ్లింది. దాన్నే అతను ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

పుష్కరన్ పేజీని కాపీ చేయబోతే, అడుగున ఖాళీగా ఉన్నచోట కూడా నీలిరంగు పరుచుకుంది. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు. అద్దంలో రాగి ఎంతో తగరం ఎంతో కడుపున పుట్టిన ఆడపిల్లలకు కూడా చెప్పని వంశం బాహులేయన్ వాళ్లది. దాచారంటే అదే అసలు సారమని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పాళ్లు దొరికాక గింజంత కూడా మార్చకూడదన్నది రెండో నియమం. అందుకని చదవకుండానే ఆ పేజీ మొత్తం తెచ్చి, అన్న వాక్యాలు తీసేసి, ఆ చోట పోతపోశాడు. దుకాణం రెండో వరసకు ఎక్కినప్పుడు పాయసం కూడా చేయించాడు.

మధ్యాహ్నం పుష్కరన్ వచ్చాడు. తంకమణిని అక్క వరసతో చేచ్చీ అని పిలుస్తాడు. ఇచ్చిన మజ్జిగ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టాకే నోరు విప్పాడు.

"చేచ్చీ, మా తాత కుంజన్ ఆచారి మీకు ఎప్పట్నుంచి తాత?"

తంకమణికి అర్థం కాలేదు. అతను ఫోన్ చూపించాడు. 'మా తాతగారు కుంజన్ ఆచారి స్థాపించిన దుకాణం' అని ఆమె పేజీలోనే ఉంది.

"నాకు సంతోషమే. ఆయన తద్దినం వచ్చే నెల్లో. బాహులేయా, ఈసారి పిండం నువ్వు పెడుదువుగాని."

బాహులేయన్ తలదించుకుని, తుడిచిన ఆకురాయినే మళ్లీ తుడిచాడు. "ఆ తెల్ల అక్షరాల వల్లే కదా నువ్వు పైనున్నావు," అన్నాడు.

"ఎక్కడి పైన? సెర్చ్‌లోంచి నన్ను తీసేసి తొమ్మిది రోజులైంది. నేను పోబట్టే మీరు ఒక మెట్టెక్కారు."

పాయసం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇన్నేళ్లూ తనను పైన నిలబెట్టింది కొన్నవాళ్లు రాసిన మంచి మాటలేనని, తెల్ల అక్షరాలు పెట్టి నెల కూడా కాలేదని పుష్కరన్ చెప్పాడు. అలా దాచి రాసిన పేజీలను సెర్చ్‌వాళ్లు పసిగట్టి తీసేస్తారట. ఆ సంగతి తనకూ పోయాకే తెలిసింది. అతను ఆ అక్షరాలు తెచ్చుకున్నది కొచ్చిలో స్నానాలగది అద్దాలమ్మే ఒక కంపెనీ పేజీ నుంచి.

"అందులో ఏముందో నువ్వైనా చదివావా?" అని తంకమణి పుష్కరన్‌ను అడిగింది.

"దాచింది చదివి మారుస్తామా చేచ్చీ? ఉన్నదున్నట్టు పెట్టాను."

ముగ్గురూ కూర్చుని అప్పుడు చదివారు. నూట నలభై ఊళ్ల పేర్లు, స్నానాలగదులు, కార్లు, బస్సులు, ఒక క్షౌరశాల కుర్చీ. బాహులేయన్ అన్నీ చెరిపేసి, తప్పయిందని సెర్చ్‌వాళ్లకు రాశాడు. పరిశీలిస్తామని జవాబొచ్చింది, ఎన్నాళ్లకో చెప్పలేదు. రెండు దుకాణాలకూ కలిపి రోడ్డు పక్కన ఒక బోర్డు పెట్టారు. విషు వెళ్లిపోయేసరికి తంకమణి బీరువాలో పద్నాలుగు అద్దాలు మిగిలాయి.

దామోదరన్ వాక్యాలకు బాహులేయన్ నకలు ఉంచలేదు. తంకమణి గుర్తున్నంత వరకు కాగితం మీద రాసింది. 'అద్దం మీద వేలు పెట్టి చూడండి, వేలికీ ప్రతిబింబానికీ మధ్య ఖాళీ ఉండదు.' 'తడిగుడ్డ తగలనివ్వకండి.' అలా ఎనిమిది వచ్చాయి. తొమ్మిదోది పుష్కరన్ చెప్పాడు. పోటీదారు ఏం రాశాడోనని అతను ఆ పేజీ రోజూ చదివేవాడట.

పదో వాక్యం, పదకొండో వాక్యం ఎవరికీ గుర్తు రాలేదు, ఇంకా రాయలేదు.