మీడియా మైనరూ మార్కెట్టు తాళమూ

నేను ఒక అట్టపెట్టెను. పుట్టింది బిస్కెట్ల కోసం. నాగజ్యోతి చేతిలో పడ్డాక, టీవీ వాళ్ళ మైకు మీద ఉంటుందే, ఆ పెట్టెనయ్యాను. జ్యోతి సామర్లకోటలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మేజర్ కెమిస్ట్రీ, మైనర్ మీడియా. నాకు తెల్లకాగితం అంటించి, 'జె-9' అని రాసి, నడుమ బెజ్జం చేసి పాడైన మైకొకటి దూర్చింది. మాటలు పట్టేది ఆమె ఎడమచేతిలోని సెల్‌ఫోను. అయినా జనం నాతోనే మాట్లాడేవారు.

ఊళ్ళో ఒక సమస్య పట్టుకుని నలుగురినీ మాట్లాడించుకు రమ్మన్నారు మాస్టారు. జ్యోతి క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల. నన్ను పట్టుకుని కూరగాయల మార్కెట్టుకు వెళ్ళింది.

అక్కడ ఆడవాళ్ళ మరుగుదొడ్డి కట్టి నాలుగు నెలలైంది. రంగులేశారు, కుళాయిలు పెట్టారు, తాళమూ వేశారు. ఎవరో పెద్దలొచ్చి రిబ్బను కత్తిరించాలట.

దొండకాయలమ్మే సూరమ్మ నన్ను చూసి కొంగు సర్దుకుంది. "తెల్లారగట్ల వచ్చి కూకుంటామమ్మా. మజ్జానం దాకా నీళ్ళు ముట్టం. తాగితే ఎక్కడికెల్తాం? రిబ్బను ఆగుద్ది, ఇది ఆగదు గదా."

జ్యోతి నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేసింది.

అంతలో మార్కెట్టు సూపర్‌వైజరు వచ్చాడు. నన్ను చూడగానే జేబులోంచి దువ్వెన తీశాడు. ఎవరూ అడక్కుండానే, "ఇవాళే తెరిపిస్తున్నామండి, తాళంచెవి నా దగ్గరే ఉంది" అని నాకు విన్నవించాడు. ఆ తర్వాత, "ఏ చానలమ్మా?" అన్నాడు.

జ్యోతి అబద్ధమాడొచ్చు. ఆడలేదు. "చానల్ కాదండి. మీడియా మైనరండి."

"మైనరా? నీకెన్నేళ్ళు?"

"పందొమ్మిదండి."

"మరి మైనరంటావేంటి?"

ఆమె కెమిస్ట్రీ దాకా వివరించేసరికి దువ్వెన జేబులోకి వెళ్ళిపోయింది. "కాలేజీ పనా! రిబ్బనయ్యాక రామ్మా" అని వెనక్కి తిరిగాడు.

సూరమ్మ అడిగింది: "ఆయనన్నది ఆ సెల్లులో పడిందా?"

"పడిందండి."

"ఓపాలి ఇనిపించు. గట్టిగా."

జ్యోతి వినిపించింది. ఇవాళే తెరిపిస్తున్నామండి. మళ్ళీ వినిపించింది. మూడోసారికి తక్కెళ్ళు వదిలి ఇరవైమంది ఆడవాళ్ళు ఆయన చుట్టూ చేరారు. తన గొంతుకే తాను ఎదురుచెప్పలేక సూపర్‌వైజరు తాళంచెవి తీశాడు. "తీసేటప్పుడు వీడియో పట్టమ్మా" అంటూ ఠీవిగా నిలబడ్డాడు. తాళం ఊడగానే జనం లోపలికి దూసుకెళ్ళిన తీరుకి, వీడియోలో ఆయన మోచెయ్యి ఒక్కటే పడింది.

నా బతుకూ అక్కడే ముగిసింది. సూరమ్మ బయటికొచ్చి, ఇంకో మాట చెప్పాలంటూ తడిచేతులతో నన్ను పట్టుకుంది. నాలుగు నెలల తర్వాత వచ్చిన నీళ్ళు కదా, చేతులు తుడుచుకోవాలని ఆమెకు తోచలేదు. నేను మెత్తబడి విడిపోయాను. మార్కెట్టు చెత్తకుప్పలో, వంకాయ తొడిమల మధ్య చేరాను. ఆ కుప్పను వారమైనా ఎవరూ ఎత్తలేదు; అది ఇంకో సమస్య.

ఆ వారమే జ్యోతి దొండకాయలకు వచ్చింది. మాస్టారు పదికి ఆరే వేశారట. "వార్త చెప్పమంటే వార్తలో దూరావు" అన్నారట.

సూరమ్మ తూకం వేసి, మరో నాలుగు దొండకాయలు ఏరి సంచిలో పడేసింది.

"ఇయిగో, మిగతా నాలుగూ నేనేత్తన్నాను."