మనకు నప్పని రంగు

రామసుబ్బమ్మ మనవరాలు శివలీల బద్వేలు బడిలో టీచరుగా చేరడానికి బయలుదేరుతోంది. మొదటిరోజు కట్టుకోవడానికి ఇంట్లో నేసిన చీరల్లోంచి పసుపుపచ్చది తీసుకుంది. రామసుబ్బమ్మ దాన్ని లాక్కుని ముదురు నీలం చీర చేతిలో పెట్టింది. కొనడానికి వచ్చిన నల్లటి ఆడవాళ్ళకు ఆమె నలభై ఏళ్ళుగా పసుపుపచ్చ విప్పి చూపలేదు. తానూ ఎన్నడూ కట్టలేదు.

“అది ఎర్రగా ఉండేటోళ్ళకు, పెద్దింటోళ్ళకు. మన రంగుకు నప్పదులేమ్మా.”

“అత్తను కాపురానికి పంపేప్పుడూ ఇట్లనే అంటివంట గదవ్వా.”

ఆ మాట మనసులో పెట్టుకుని పోయిన రామసుబ్బమ్మ కూతురు మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

“నలుగురూ నవ్వుతారని భయమమ్మా. వాళ్ళు అనకముందే నేనంటే సరిపోతాదని.”

“ఆ నలుగురూ ఇంకా ఏమీ అనలా. నువ్వొకదానివే అంటాండావు.”

బస్సుకు వేళయింది. ముసలామె పసుపు చీర మడత విప్పి, కొనేవాళ్ళకు వేసినట్టే మనవరాలి భుజాన వేసింది. అలవాటుగా చూపు చీర మీంచి ముఖం మీదికి పోయింది. శివలీల ఆ చూపునే కనిపెట్టుకుని ఉంది. రంగు కలిసిందో లేదో చూడకుండా రామసుబ్బమ్మ ఉండలేకపోయింది గానీ, ఈసారి నోరు మెదపలేదు. చీర మడిచి తన చేత్తోనే మనవరాలి సంచిలో పెట్టింది.